తెగని లెక్క: మోహన రాగపు అయిదు స్వరాల్లో దాగిన మిగులు

సంగీతం నేర్చుకునే పిల్లలకు గీతాల దశలోనే పరిచయమయ్యే మోహన రాగంలో స్వరాలు అయిదే: షడ్జమం, చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం. ఈ అయిదింటినీ ఒకదానితో ఒకటి ఎక్కడా పొరపొచ్చం లేకుండా శ్రుతి చేయడం సాధ్యమేనా అని అడిగితే, ‘ఎందుకు కాదు, సాధ్యమే’ అనే చాలామంది అంటారు. నిజానికి అది సాధ్యం కాదు. ఆ లోపం చెవిదీ కాదు, వాద్యానిదీ కాదు. 2, 3, 5 అనే అంకెల స్వభావమే అంత. ఈ విషయాన్ని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా లెక్కగానే మిగిలిపోతుంది. ఇప్పుడు బ్రౌజర్‌లోనే మన ఇష్టం వచ్చినట్టు శ్రుతి చేసుకుని వాయించే ఉచిత వాద్యాలు వచ్చాయి కనుక, ఆ లెక్కను చెవితో వినే వీలు కలిగింది.

ముందు లెక్క చూద్దాం. షడ్జమాన్ని సెకనుకు 240 కంపనాల దగ్గర, అంటే 240 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుందాం. పై స్థాయి షడ్జమం దానికి సరిగ్గా రెట్టింపు, 480. పంచమం ఒకటిన్నర రెట్లు, 360. ఇలాంటి సరళమైన నిష్పత్తులు చెవికి ఇంపుగా ఉండటానికి కారణం తీగలోనే ఉంది. మీటిన తీగ నిలువునా ఒకటిగా కంపిస్తూనే, అదే సమయంలో సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, అయిదో వంతులుగా కూడా కంపిస్తుంది. అందువల్ల 240 హెర్ట్జ్ స్వరంలో 480, 720, 960, 1200 హెర్ట్జ్ ధ్వనులు సన్నగా కలిసే ఉంటాయి. భౌతికశాస్త్రంలో వీటిని అనుస్వరాలు అంటారు; లెక్కలో మూలమైన 240నే మొదటిదిగా తీసుకుంటారు. షడ్జమంలోని మూడో అనుస్వరం 720; 360 దగ్గర ఉన్న పంచమంలోని రెండో అనుస్వరమూ 720; రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. పంచమం కాస్త దిగి 358 దగ్గర ఆగితే దాని రెండో అనుస్వరం 716 అవుతుంది, అప్పుడు 716, 720 కలిసి మోగి ధ్వని సెకనుకు నాలుగుసార్లు ఉబ్బి తగ్గుతుంది. ఈ ఉబ్బుతగ్గులకే విస్పందనాలని పేరు. తంబూరా శ్రుతి చేసేవారు బిరడా తిప్పి, పూస జరిపి, చివరకు ‘కలిసింది’ అని తలెత్తే క్షణం, ఈ విస్పందనాలు నెమ్మదించి ఆగిపోయిన క్షణమే.

అలా చక్కగా కలిసిన తంబూరాలో ఎవరూ మీటని స్వరం ఒకటి వినిపిస్తుంది. మంద్ర షడ్జమం తీగ 120 హెర్ట్జ్ దగ్గర మోగుతుంటే దాని అయిదో అనుస్వరం 600 దగ్గర పలుకుతుంది. అది పై స్థాయి అంతర గాంధారం. గాయకులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. స్వయంభూ స్వరాలనే మాట పాతదే. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల కాలంలో, 1550లో, రామామాత్యుడు సంస్కృతంలో రాసిన ‘స్వరమేళకళానిధి’లో వీణ మెట్ల స్థానాలను వివరిస్తూ ఆ మాట వాడాడు. ఆయన ఉద్దేశించిన అర్థం నేటి అనుస్వరాల భావంతో అచ్చంగా ఒకటి కాదు గాని, తీగ తనంతట తాను చూపించే స్వరస్థానాలు ఉంటాయన్న ఎరుక మాత్రం అందులో ఉంది. ఆ 600ను ఒక స్థాయి దించితే మన మధ్య స్థాయి గాంధారం 300 హెర్ట్జ్ అవుతుంది. షడ్జమానికి దీని నిష్పత్తి 5/4.

ఇప్పుడు అదే గాంధారానికి ఇంకో దారిలో వెళ్దాం. షడ్జమానికి పంచమం 360. ఆ 360కి పంచమం 540, ఒక స్థాయి దించితే 270, అది రిషభం. 270కి పంచమం 405, అది ధైవతం. 405కి పంచమం 607.5, దించితే 303.75, అది గాంధారం. మోహనంలోని స్వరాలన్నీ ఇలా పంచమాల గొలుసులో వరుసగా దొరికేవే. ప్రతి అడుగూ శుద్ధంగానే వేశాం, కానీ చేరవలసిన 300కు బదులు 303.75కు చేరాం. ఈ రెండు గాంధారాల నిష్పత్తి 81/80. స్థాయిని 1200 సెంట్లుగా విభజించి స్వరాంతరాలను కొలిచే పద్ధతిని 1885లో ఆంగ్ల పండితుడు అలెగ్జాండర్ ఎల్లిస్ ప్రవేశపెట్టాడు. ఆ కొలతలో ఈ తేడా సుమారు 21.5 సెంట్లు, అంటే హార్మోనియం మీద పక్కపక్కన ఉన్న రెండు మీటల మధ్య దూరంలో అయిదో వంతుకు కొంచెం ఎక్కువ. యూరప్ శాస్త్రంలో దీన్ని కామా అంటారు. ఈ వ్యాసంలో దీన్ని మిగులు అందాం.

సెవిష్ అనే పేరుతో సంగీతం చేసే బ్రిటన్ సంగీతకారుడు మొదలుపెట్టిన స్కేల్ వర్క్‌షాప్ అనే వెబ్ వాద్యంలో ఈ మిగులును పట్టుకోవడం సులువు. అందులో స్వరస్థానాలను వరుసకు ఒకటి చొప్పున టైపు చేస్తే చాలు, కంప్యూటర్ కీబోర్డు మీది అక్షరాలే మీటలై పలుకుతాయి. నిష్పత్తిగా 5/4 అని రాసినా, చుక్క పెట్టి సెంట్లలో 386.3 అని రాసినా అది అర్థం చేసుకుంటుంది. మోహనానికి 9/8, 5/4, 3/2, 5/3, 2/1 అని అయిదు వరుసలు రాసి, ఆధార షడ్జమాన్ని 240 హెర్ట్జ్‌కు మార్చుకోవాలి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ధ్వని రకాల్లో సైన్ తరంగాన్ని ఎంచుకుంటే అందులో అనుస్వరాలు ఉండవు కనుక, స్వరం ఎంత తప్పినా విస్పందనాలు స్పష్టంగా తెలియవు. రంపపు పళ్ల ఆకారంలో ఉండే సాటూత్ తరంగాన్ని ఎంచుకుంటే అన్ని అనుస్వరాలూ పలికి, తేడా ఎక్కడున్నా బయటపడుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మరీ మంచిది.

ముందు షడ్జమం, గాంధారం మీటలు రెండూ ఒకేసారి నొక్కి పట్టండి. ధ్వని కదలకుండా, అద్దంలా నిలబడుతుంది. షడ్జమం మీద ధైవతం కూడా అంతే. ఇప్పుడు రిషభం, ధైవతం కలిపి నొక్కండి. రిషభం 270, ధైవతం 400. రిషభంలోని మూడో అనుస్వరం 810, ధైవతంలోని రెండో అనుస్వరం 800. సెకనుకు పది విస్పందనాలు, గరగరమని వినిపిస్తాయి. సరే, తప్పు ధైవతానిదనుకుని 5/3ను చెరిపి 27/16 రాయండి. ధైవతం 405కు పెరిగి రిషభంతో హాయిగా కలుస్తుంది. కానీ ఇప్పుడు ధైవతం, పై గాంధారం కలిపి నొక్కితే 1215, 1200 ఢీకొని సెకనుకు పదిహేను విస్పందనాలు. ధైవతాన్ని మళ్లీ 400కు దించి, ఈసారి రిషభాన్ని 10/9కి మార్చి చూడండి. రిషభం 266.67 అయి ధైవతంతో కలుస్తుంది, ధైవతం గాంధారంతో కలుస్తుంది, అన్నీ కుదిరాయి అనుకునేలోపు పంచమం, పై రిషభం కలిపి నొక్కితే అక్కడ గరగర మొదలవుతుంది. షడ్జమం నుంచి గాంధారం దాకా ఉన్నవి నాలుగు పంచమాలు. గాంధారం శుద్ధంగా 5/4 దగ్గరే ఉండాలంటే ఆ నాలుగింటిలో మూడు శుద్ధంగా ఉంటే నాలుగోది మిగులును మోయక తప్పదు. దాన్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి నెట్టగలం, అంతే. ఈ నెట్టడాన్ని స్వయంగా చేసి, ప్రతిసారీ గరగర చోటు మారడం వినడానికి పట్టేది పావుగంట. శ్రుతుల గురించి నాకు తెలిసిన ఏ వివరణా ఆ పావుగంటకు సాటి రాదు.

మిగులును ఇలా చోటు మార్చడం మన శాస్త్రంలో అతి పాత విషయం. భరతుడి నాట్యశాస్త్రంలో స్థాయిని 22 శ్రుతులుగా చెప్పి, షడ్జ గ్రామంలో (గ్రామం అంటే ఆనాటి మూల స్వరాల వరుస) షడ్జమానికి 4, రిషభానికి 3, గాంధారానికి 2, మధ్యమానికి 4, పంచమానికి 4, ధైవతానికి 3, నిషాదానికి 2 అని పంచారు. రెండు స్వరాల మధ్య 9 గాని 13 గాని శ్రుతులుంటే అవి సంవాదులు, అంటే కలిసే స్వరాలు. ఈ గ్రామంలో షడ్జమం నుంచి పంచమానికి 13, కనుక అవి కలుస్తాయి. రిషభం నుంచి పంచమానికి 2, 4, 4 కలిపి 10 వస్తుంది, కనుక అవి కలవవు. మధ్యమ గ్రామంలో పంచమాన్ని ఒక్క శ్రుతి దించుతారు. అప్పుడు రిషభ పంచమాల మధ్య 9 అయి అవి కలుస్తాయి, కానీ షడ్జ పంచమాల మధ్య 12 మిగిలి ఆ సంవాదం పోతుంది. సరిగా చూస్తే, కీబోర్డు మీద మనం చేసిన పనే ఇది. ఒకే రకంగా శ్రుతి చేసిన రెండు వీణలు తీసుకుని, ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదానిలో పంచమాన్ని దించి తేడా వినమని భరతుడు చెప్పిన ప్రయోగం కూడా, నేడు ఒక వరుసలో 3/2 చెరిపి 40/27 రాసి వినడం లాంటిదే. ఆ తేడాకు ప్రమాణ శ్రుతి అని పేరు. ఆధునిక పండితులు అనేకులు దాన్ని 81/80తో సరిపోల్చారు. అయితే 22 శ్రుతులకూ 22 నిష్పత్తులు కట్టి, గాయకులు వాటినే పాడతారని చెప్పే పట్టికలను మాత్రం యథాతథంగా నమ్మకూడదని నా అభిప్రాయం. 1963లో నజీర్ జైరాజ్‌భాయ్, స్టోన్ అనే పరిశోధకులు హిందుస్తానీ సంగీతకారుల స్వరాలను కొలిచినప్పుడు, అవి ఏ ఒక్క సిద్ధాంతపు అంకెకూ కట్టుబడి లేవని తేలింది. భరతుడు చెప్పింది చెవితో తేల్చుకునే సంబంధాలను. అంకెలు తరవాతి వాళ్లు చేర్చినవి.

యూరప్‌లో ఈ సమస్య ఇంకో రూపంలో ముదిరింది. అక్కడ చర్చి ఆర్గన్ మీద మూడు నాలుగు స్వరాలను కలిపి మోగిస్తారు కనుక మిగులు ఎక్కడ దాక్కున్నా దొరికిపోతుంది. పదహారో శతాబ్దం నుంచి విస్తృతంగా నడిచిన పరిష్కారం ఏమిటంటే, ఆ నాలుగు పంచమాలకూ మిగులును సమానంగా, తలా పావు వంతు పంచడం. ప్రతి పంచమం సుమారు 5.4 సెంట్లు తగ్గుతుంది, గాంధారం మాత్రం శుద్ధంగా 5/4 దగ్గర నిలుస్తుంది. వినడానికి చాలా మధురమైన పద్ధతి ఇది. స్కేల్ వర్క్‌షాప్‌లో కట్టుకుని విన్నవారికి ఆ కాలపు ఆర్గన్ సంగీతం ఎందుకంత నిబ్బరంగా ఉంటుందో తెలుస్తుంది. కానీ అప్పు ఇంకోచోట తీర్చాలి. ఇలా తగ్గించిన పంచమాలను పదకొండు పేర్చాక, పన్నెండోది 737.6 సెంట్ల దగ్గర, శుద్ధ పంచమం కంటే దాదాపు 36 సెంట్లు ఎక్కువై, భరించలేని అరుపుగా మిగులుతుంది. యూరప్ సంగీతకారులు దానికి తోడేలు అని పేరు పెట్టారు. ఆ తోడేలు ఉన్న మీటల వైపు వెళ్లకుండా సంగీతం రాసుకునేవారు.

ఇప్పుడు పియానో, హార్మోనియం, ఫోన్‌లోని కీబోర్డు అన్నిటా ఉన్న సమ విభజన వేరే మిగులును తీర్చడానికి పుట్టింది. శుద్ధ పంచమాలు పన్నెండు పేరిస్తే 129.746 రెట్లు వస్తుంది, ఏడు స్థాయిలంటే 128 రెట్లు. 3ను ఎన్నిసార్లు గుణించినా 2ను ఎన్నిసార్లు గుణించినా ఆ రెండు వరుసలూ ఎన్నటికీ కలవవు. ఈ 23.5 సెంట్ల తేడాను పన్నెండు పంచమాలకూ సమంగా పంచితే ఒక్కో పంచమానికి రెండు సెంట్ల లోటు పడుతుంది, ప్రతి మెట్టు 2కు 12వ మూలం, అంటే పన్నెండుసార్లు వేసి గుణిస్తే 2 వచ్చే సంఖ్య, అవుతుంది. ఆ మూలాన్ని కచ్చితంగా లెక్కగట్టి 1584లో ప్రకటించినవాడు చైనా మింగ్ రాజవంశపు రాకుమారుడు ఝు జైయు. ఈ పద్ధతిలో పంచమం 359.6 హెర్ట్జ్, షడ్జమంతో కలిపితే అయిదు సెకన్లకు నాలుగు విస్పందనాలు, పట్టించుకోనక్కరలేదు. గాంధారం మాత్రం 302.4 దగ్గర, శుద్ధ స్థానం కంటే 13.7 సెంట్లు పైన కూర్చుంటుంది; షడ్జమంతో కలిపితే సెకనుకు తొమ్మిదిన్నర విస్పందనాలు. తంబూరాలో స్వయంభూ గాంధారం మోగుతుండగా పక్కన హార్మోనియం గాంధారం పలికితే చెవికి తగిలే ఇబ్బంది ఇదే. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గాని సడలించకపోవడం వెనుక ఉన్న వాదాల్లో, గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, అందులో పలకదన్న దానితో పాటు ఈ శ్రుతి వాదమూ ఉంది. పద్య నాటకాల రాగాలాపనలను హార్మోనియంతోనే విని పెరిగిన తెలుగువారికి ఆ నిషేధం కటువుగా తోచవచ్చు, నాకూ తోస్తుంది. కానీ అభ్యంతరం వెనుక ఉన్న లెక్క మాత్రం నిజమైనదే.

పన్నెండుతో ఆగాలన్న నియమమూ లేదు. స్థాయిని 31 సమ భాగాలు చేస్తే పదో భాగం 387.1 సెంట్లు, శుద్ధ గాంధారానికి ఒక్క సెంటు లోపు తేడా. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1691లో దీని గురించి రాశాడు, భౌతిక శాస్త్రవేత్త అడ్రియాన్ ఫోకర్ 1950లో దాన్నే ఆర్గన్‌గా కట్టించాడు. 53 భాగాలు చేస్తే పంచమం, గాంధారం రెండూ దాదాపు శుద్ధంగా దొరుకుతాయి. 53 శుద్ధ పంచమాలు 31 స్థాయిలకు దాదాపు సరిపోతాయని చైనాలో హాన్ వంశ కాలంలోనే, క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో, జింగ్ ఫాంగ్ గుర్తించాడు. నేటి టర్కీ సంగీత శాస్త్రంలోనూ పెద్ద స్వరాంతరాన్ని తొమ్మిది కామాలుగా విభజించే లెక్క ఈ 53తోనే ముడిపడి ఉంది. అన్ని మీటలు చేత్తో చేయడం, వాయించడం కష్టం కనుక శతాబ్దాల పాటు ఇవి కాగితం మీదా, ఒకటి రెండు మ్యూజియం వాద్యాల మీదా ఉండిపోయాయి. బ్రౌజర్‌లో మాత్రం 12 స్థానంలో 53 అని రాయడమే పని.

ఇంత సులువైన పని మామూలు సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు కష్టం? ఎలక్ట్రానిక్ వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణం ప్రతి స్వరాన్నీ 0 నుంచి 127 వరకు ఒక మీట సంఖ్యగా పంపుతుంది. ఆ సంఖ్య ఏ కంపనమో సమ విభజన ప్రకారమే ఉంటుందని తయారీదారులు ముందే అనుకుని పరికరాలు చేశారు. శ్రుతి మార్చే ఏర్పాటు తరవాత ప్రమాణంలో చేరినా దాన్ని అమలు చేసిన పరికరాలు కొన్నే. డమాస్కస్‌లో ఇరాకీ కుటుంబంలో పుట్టిన ఊద్ అనే అరబ్బీ తీగ వాద్యకారుడు ఖయ్యాం అల్లామీకి, మన రాగాల్లాంటి అరబ్బీ మఖామ్‌ల శ్రుతులను కంప్యూటర్‌లో పలికించబోయినప్పుడు ఈ గోడే అడ్డం వచ్చింది. ఆయన కౌంటర్‌పాయింట్ అనే బృందంతో కలిసి 2021లో లీమ్మా, అపొటోమీ అనే రెండు ఉచిత వెబ్ వాద్యాలను విడుదల చేశాడు. మొదటిది శ్రుతులు కట్టుకోవడానికి, రెండోది ఆ శ్రుతులతో తనంతట తాను అల్లుకునే సంగీతం చేయడానికి. లీమ్మా అనేది ప్రాచీన గ్రీకు శ్రుతి శాస్త్రంలోని మాట. దానికి అర్థం మిగిలినది అని.

విస్పందనాలను లోపంగానే చూడటం కూడా ఒక సంప్రదాయపు అలవాటేనని ఇండొనేషియాలోని బాలి ద్వీపం గేమలాన్ బృందాలు గుర్తు చేస్తాయి. అక్కడ కంచు పలకల వాద్యాలను జంటలుగా చేస్తారు, జంటలో ఒకదాన్ని రెండోదానికంటే కొంచెం ఎక్కువ శ్రుతిలో కావాలనే కడతారు. రెండూ కలిసి మోగినప్పుడు వచ్చే అలకు ఓంబక్ అని పేరు, ఆ అల లేని ధ్వని వాళ్ల చెవికి చచ్చిన ధ్వని. పైగా కంచు పలక తీగలా 2, 3, 4, 5 రెట్లలో అనుస్వరాలు ఇవ్వదు, దాని అనుస్వరాలు వేరే చోట్ల పడతాయి. కనుక 3/2, 5/4లకు అక్కడ ప్రత్యేక గౌరవం ఉండవలసిన అవసరమూ లేదు. వెబ్ వాద్యంలో అయిదు సమ భాగాలు రాసి సాటూత్ తరంగంతో వాయిస్తే అపశ్రుతిగా తోచే వరుస, గంట లాంటి ధ్వనిని ఎంచుకుంటే హాయిగా వినిపించడం స్వయంగా విని చూడదగ్గది.

మన సంగీతానికి వస్తే, ఒకే ఆధార షడ్జమం మీద రాగం నడుస్తుంది, రిషభ ధైవతాలను కలిపి మోగించే అవసరం పడదు కనుక మిగులు గాయకుడిని అంతగా బాధించదు. గొంతుకూ, వయొలిన్‌కూ మెట్లు లేవు. మీటలు నొక్కే వెబ్ వాద్యం గమకాన్ని చూపలేదన్నది నిజమే. కానీ వీణకు మెట్లున్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసేవారైనా, ఇంకెక్కడివారైనా, 24 లోహపు మెట్లను మైనంలో కూర్చడాన్ని మేళం కట్టడం అంటారు. షడ్జమానికి శ్రుతి చేసిన సారణి తీగ మీద రెండో మెట్టు రిషభం. పక్కనున్న పంచమం తీగ మీద అదే మెట్టు ధైవతం. రిషభాన్ని 9/8 దగ్గర పెడితే ధైవతం 27/16 అవుతుంది, ధైవతం 5/3 కావాలంటే రిషభం 10/9కి దిగుతుంది. మోహనంలో మనం కీబోర్డు మీద నెట్టుకుంటూ పోయిన మిగులు, ఇక్కడ ఒకే మెట్టులో చిక్కుకుని ఉంది. తీగ పొడవు 80 సెంటీమీటర్లనుకుని, నొక్కినప్పుడు పెరిగే బిగువును పక్కన పెడితే, ఆ రెండు స్థానాల మధ్య దూరం దాదాపు 9 మిల్లీమీటర్లు. మైనం ఇంకా మెత్తగా ఉండగానే, మేళం కట్టేవారు రెండు తీగలనూ మార్చి మార్చి మీటి వింటూ, ఆ 9 మిల్లీమీటర్లలో ఒకచోట మెట్టును ఆపుతారు.